పిలవని పేరంటం

తిరుమల దర్శనం టికెట్టు కోసం కంప్యూటర్ ముందు కూర్చున్నారు. సెల్‌ఫోన్‌కి ఓటీపీ రావాలి. కుయ్‌మని మోగింది. ఆత్రంగా తీసి చూస్తే... రేణిగుంట వైపు ఇళ్ళస్థలాలట, వాయిదాల్లో కట్టొచ్చట! మళ్ళీ కుయ్. ఈసారి హామీ అక్కర్లేని అప్పు. అసలు ఓటీపీ వాటి కిందెక్కడో పడి ఉంటుంది.

ఈ పిలవని పేరంటాలను ఆపాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007లోనే నిబంధనలు తెచ్చింది. వద్దనుకున్నవాళ్ళు 'డు నాట్ కాల్' జాబితాలో చేరాలంది. బెడద తగ్గలేదు. 2011లో ఇంకాస్త గట్టిగా, ఒక సిమ్ నుంచి రోజుకు వంద ఎస్సెమ్మెస్‌లే అని గీత గీసింది. దొంగ దొరకలేదని ఊరందరికీ సంకెళ్ళు వేసినట్టన్నమాట! రెండు నెలలు తిరక్కుండానే ఆ వంద రెండొందలైంది. 2012 జులైలో, సొంత కబుర్లకు ఆ పరిమితేమిటని ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

2018లో మరో ఎత్తు. సంస్థలు తమ పేరునూ, పంపబోయే సందేశం నమూనానూ ముందే నమోదు చేసుకోవాలి. 2021 మార్చి 8న దీన్ని అమలుచేస్తే ప్రకటనలతోపాటు బ్యాంకు ఓటీపీలూ ఆగిపోయాయి. గగ్గోలు పుట్టింది. ట్రాయ్ ఓ వారం వెనక్కి తగ్గింది.

2025 సవరణలు కాస్త మేలు. పంపినవారి పేరు చివర 'పి' ఉంటే ప్రచారం, 'టి' ఉంటే లావాదేవీ, 'జి' ఉంటే ప్రభుత్వం. తెరవకుండానే తెలిసిపోతుంది. ఫిర్యాదుకు మూడు రోజులున్న గడువు ఏడయింది.

అయితే చిత్తూరు దగ్గర తోతాపురి కాయలమ్మే రైతు సంగతేమిటి? కాయల డబ్బు ఖాతాలో పడిందో లేదో చెప్పేది ఆ చిన్న సందేశమే. చివరి ఇంగ్లిషు అక్షరం ఆయనకేం తెలుస్తుంది? పైగా వద్దని చెప్పనివాళ్ళకు ప్రకటనలు పంపొచ్చు. మౌనం అర్ధాంగీకారమని పెళ్ళిచూపుల్లో అంటారు, ఇక్కడ పూర్తి అంగీకారమే! ప్రకటన కావాలన్నవాళ్ళకే పంపాలంటే ఏం పోయింది?

అందాకా ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా ఉంటే, పెద్దాయన ఫోన్లోంచి ఇంగ్లిషులో 'స్టార్ట్' అని, పక్కన సున్నా కొట్టి 1909కి పంపాలి. బ్యాంకు కబుర్లు ఆగవు, ప్రకటనలే ఆగుతాయి. ఆ తర్వాతా మామూలు పదంకెల నంబరు నుంచి స్థలాల బేరం వస్తే, చెరిపేయకుండా ఉంచి అదే 1909కి ఫిర్యాదు చేయాలి. పదిరోజుల్లో అలాంటివి అయిదు చేరితే చాలు, ఆ నంబరుపై చర్య మొదలవుతుంది.