వజ్రానికి సాన ఇక్కడ, ఆటగాడికి సాన ఐరోపాలో

సూరత్: విదేశాల ముడి వజ్రాలకు సానపట్టి తిరిగి విదేశాలకు పంపడం ఈ నగరానికి పేరు తెచ్చిన వృత్తి. టేబుల్ టెన్నిస్‌లో మాత్రం వరస తిరగబడింది. ముడిసరుకు సూరత్‌ది, సానరాయి ఐరోపాది.

1993లో పుట్టిన హర్మీత్ దేశాయ్, 2000లో పుట్టిన మానవ్ ఠక్కర్ ఇద్దరూ ఈ ఊరివారే. 2018, 2022 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచిన పురుషుల జట్టులో హర్మీత్ సభ్యుడు. మానవ్ 2018లో 18 ఏళ్లలోపు, 2020లో 21 ఏళ్లలోపు విభాగాలలో ప్రపంచ ప్రథమ స్థానానికి చేరాడు. అంతటి బాలప్రతిభ పెద్దల స్థాయికి ఎదిగేసరికి ఎందుకు నెమ్మదిస్తున్నదన్నదే ప్రశ్న. 2024 పారిస్ ఒలింపిక్స్ సింగిల్స్‌లో 31 ఏళ్ల హర్మీత్‌ను 4-0తో ఓడించిన ఫ్రాన్సు ఆటగాడు ఫెలిక్స్ లెబ్రన్ వయస్సు 17 ఏళ్లే. అతడు తన సొంత ఊరు మోంపెల్లియేలోని క్లబ్బులోనే రాటుదేలి, ఆ క్రీడలలో కాంస్యం అందుకున్నాడు.

జర్మనీ బుందెస్‌లిగా క్లబ్బులు ఆటగాణ్ణి సీజను పొడవునా తమవాణ్ణి చేసుకుంటాయి. ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా లీగ్ మ్యాచ్‌లు, మ్యాచ్‌ల మధ్య సహచరులతో సాధన. పై డివిజన్‌లో చోటు దొరకని విదేశీ యువకుడు దిగువ డివిజన్‌లో మొదలుపెట్టి పైకి రావచ్చు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన ఆచంట శరత్ కమల్ బొరుసియా డ్యుసెల్‌డార్ఫ్‌కు ఆడింది ఈ పద్ధతిలోనే. సత్యన్ కూడా జర్మనీ లీగ్‌లో ఆడినవాడే.

ఇక మన సంగతి. 2017లో ప్రారంభమైన అల్టిమేట్ టేబుల్ టెన్నిస్ లీగ్‌లో 2025లో తొలిసారి వేలం ప్రవేశపెట్టారు. జట్టుకు ఆరుగురు, వారిలో ఇద్దరు విదేశీయులు. అహ్మదాబాద్‌లో మే 31న మొదలైన పోటీలు జూన్ 15న ముగిశాయి. పదహారు రోజులు! ఆ తర్వాత విదేశీయులు విమానమెక్కుతారు, ఫ్రాంచైజీ బోర్డులు దిగుతాయి. ఎనిమిది మంది విదేశీయులను, కనీసం నలుగురు జూనియర్లను ప్రతి జట్టులోనూ ఉంచిన 2024-25 హాకీ ఇండియా లీగ్ సైతం అయిదు వారాల ముచ్చటే. పేరు కొనడానికి అంత సమయం చాలు. ఆటగాణ్ణి తయారుచేయడానికి చాలదు.

మిగిలిన సంవత్సరమంతా భారం మోసేది కుటుంబాలు, ప్రభుత్వరంగ సంస్థలు. హర్మీత్, మానవ్‌లు జాతీయ పోటీలలో పెట్రోలియం క్రీడా ప్రోత్సాహక మండలి తరఫున ఆడారు. ఆ నీడ కొందరికే దక్కుతుంది. దక్కని పదహారేళ్ల కుర్రవాడు విదేశీ శిక్షణ కోసం ఇంటివారి సొమ్ముపై ఆధారపడవలసిందే. స్తోమత లేకుంటే చదువో, జౌళి దుకాణమో చూసుకుంటాడు.

ఫ్రాంచైజీ హక్కులిచ్చే ముందు సమాఖ్య ఒక నిబంధన పెట్టవచ్చు. ప్రతి జట్టూ ఇద్దరు జూనియర్లను ఏడాది పొడవునా జీతమిచ్చి పోషించాలి. విదేశీ ఆటగాణ్ణి రప్పించే జట్టు, అతడి క్లబ్బులో మన యువకునికి ఒక సీజను చోటు కోసం కూడా బేరమాడాలి. బేరసారాలలో సూరత్ వర్తకులకు ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు. జట్ల యజమానులు వారిని అడిగి తెలుసుకున్నా మేలే.