జీతం చీటీలో కటింగులు: ఇల్లాలికి తెలియాల్సిన లెక్క

పాల లెక్క, చిట్టీ లెక్క, బియ్యం బస్తా లెక్క అన్నీ మనకు వేళ్ల మీద ఉంటాయి. ఇంట్లోకి వచ్చే జీతం లెక్క మాత్రం చాలామందికి తెలియదు. "పదహారు వేలన్నారు, చేతికి పద్నాలుగు కూడా రాలేదేంది?" అని అడిగితే "కటింగులు పోయినయ్" అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. ఎటు పోయినయ్, తిరిగి వస్తయా రావా అన్నది మనం తెలుసుకోవాలి. ఆ కటింగుల్లో కొన్ని పోయిన డబ్బులు కావు, దాచిన డబ్బులు.

జడ్చర్ల దగ్గరి పోలేపల్లి, కొత్తూరు, షాద్‌నగర్, ఇటు చౌటుప్పల్, బీబీనగర్... పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో వ్యవసాయం గిట్టక ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయే ఇళ్లు ఎన్నో. 'పాలమూరు లేబర్' అని పేరుపడి, దేశం నాలుగు మూలలా డ్యాములు కట్టిన మనవాళ్లకు అప్పట్లో మేస్త్రీ అడ్వాన్సు కోతలే తప్ప చీటీ అన్నదే లేదు. ఇప్పుడు చీటీ ఉంది కదా, చదువుదాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మూల జీతం, కరువు భత్యం కలిపి నెలకు 16,000 రూపాయలు అనుకోండి. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ ఉంటుంది. మూల జీతం, డీఏ మీద 12 శాతం కోస్తారు. 2014 సెప్టెంబరులో పెట్టిన 15,000 పరిమితి లెక్కన అది 1,800 అవుతుంది. ఈఎస్ఐ 2019 జూలై నుంచి ముప్పావు శాతం, అంటే 120. మన తెలంగాణలో వృత్తి పన్ను జీతం 15,000 దాకా లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. ఇక్కడ 150. మొత్తం కోత 2,070. చేతికి వచ్చేది 13,930.

ఇందులో తిరిగి రానిది వృత్తి పన్ను ఒక్కటే. పీఎఫ్‌కు మన 1,800తో పాటు యజమాని కూడా అంతే కట్టాలి. ఆయన వాటాలో 1,250 పెన్షనుకు పోతుంది, 550 పీఎఫ్‌లో పడుతుంది. దానికి వడ్డీ కూడా ఉంది, 2024-25కు 8.25 శాతం ఇచ్చారు. ఈఎస్ఐకి యజమాని మూడుంపావు శాతం కడతాడు. దాంతో ఇంటిల్లిపాదికీ వైద్యం, జబ్బు పడితే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం, పనిచేసే ఆడవాళ్లకు కాన్పు సమయంలో 26 వారాల జీతం దొరుకుతాయి. జీతం 21,000 దాటని వారికే ఈఎస్ఐ అన్నది 2017లో పెట్టిన పరిమితి.

ఇక అసలు కిటుకు. ఇంకో చీటీలో అదే 16,000ను మూల జీతం 8,000, మిగిలింది రకరకాల అలవెన్సులు అని చూపిస్తారు. అప్పుడు పీఎఫ్ 960 మాత్రమే కోస్తారు. చేతికి 840 ఎక్కువ వచ్చిందని మనం సంబరపడతాం. కానీ యజమాని వాటా కూడా 840 తగ్గింది కదా! నెలకు 1,680, ఏడాదికి 20,160 మన పొదుపు నుంచి జారిపోయినట్టే. అందులో సగం మన చేతికి వచ్చి కిరాణా కొట్టులో ఖర్చయింది, మిగతా సగం యజమానికే మిగిలింది. అందుకే అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులను కూడా పీఎఫ్ లెక్కలో కలపాలని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంటి అద్దె భత్యం, ఓవర్‌టైం, బోనస్ అందులోకి రావు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించమంటుంది.

కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. కొందరు కాంట్రాక్టర్లు యజమాని వాటాను కూడా కూలీ జీతంలోంచే కోస్తారు. అది చట్టవిరుద్ధం. కోసిన డబ్బు కట్టకుండా దాచుకుంటే నమ్మకద్రోహం నేరం. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకునే అసలు కంపెనీ కూడా బాధ్యత పడాలి. డబ్బు పడుతున్నదా లేదా అన్నది యూఏఎన్ నంబరుతో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిస్తే నెలవారీగా కనిపిస్తుంది. పడకపోతే ఈపీఎఫ్ఓకు ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు.

సర్కారు కొలువుల చీటీ వేరు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి పీఎఫ్ బదులు సీపీఎస్ కింద మూల జీతం, డీఏ మీద 10 శాతం పోతుంది. ఆదాయపు పన్ను సంగతికొస్తే, 2025-26కు కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల 75 వేల జీతం దాకా పన్ను పడదు. కాబట్టి పదహారు వేల జీతంలో 'ఇన్‌కంటాక్స్' అని కోత కనిపిస్తే ఎందుకని అడగాల్సిందే.

ఇక మనసు రాయి చేసుకుని చెప్పాల్సిన మాట. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే పీఎఫ్ డబ్బుతో పాటు 7 లక్షల దాకా బీమా వస్తుంది. దానికి ఉద్యోగి పైసా కట్టనక్కర్లేదు, యజమానే కడతాడు. ఒక్క నెల పెన్షను వాటా కట్టి ఉన్నా భార్యకు పెన్షను హక్కు ఉంటుంది. ఇవి తెలియక అప్పులు చేసి కర్మకాండలు జరిపి, ఆఫీసు గడప తొక్కని ఇళ్లు ఉన్నాయి. కాబట్టి నామినీగా ఎవరి పేరుందో చూడండి. పెళ్లికి ముందు రాసిందైతే ఇవాళే మార్పించండి. కంపెనీ మారినప్పుడల్లా పీఎఫ్ తీసి ఖర్చు పెట్టకుండా పాత ఖాతాను కొత్తదానికి కలిపించండి. పదేళ్ల సర్వీసు నిండితేనే నెలనెలా పెన్షను.

జీతం చీటీలను రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం పెట్టే డబ్బాలోనే భద్రంగా దాచండి.