మనిషికి సున్నా క్రెడిట్లు

ఇంజనీరింగ్ పిల్లలకు సాహిత్యం, చరిత్ర, సామాజిక శాస్త్రం తప్పనిసరి చేయాలా వద్దా అని ఇప్పటికీ సభలు పెట్టి చర్చించేవాళ్ళను చూస్తే కడుపు మండుతోంది. తప్పనిసరి చేసి ఏళ్ళు గడిచాయి కదా! అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు. అందులో 12 మానవీయ, సామాజిక శాస్త్రాలకూ మేనేజ్‌మెంట్‌కూ కలిపి కేటాయించారు. భారత రాజ్యాంగం, పర్యావరణం తప్పనిసరిగా చదివి తీరాలన్నారు. నియమానికి లోటు లేదు. దాన్ని పట్టించుకునే మనిషే కరువయ్యాడు.

ఆ పన్నెండు క్రెడిట్లు ఎటు పోయాయో ఎవరైనా అడిగారా? మన దగ్గర వాటిలో పెద్ద భాగం ఇంగ్లిష్‌కూ, ఇంగ్లిష్ ల్యాబుకూ, మేనేజీరియల్ ఎకనామిక్స్‌కూ పోతోంది. ఇంటర్వ్యూలో తడబడకుండా మాట్లాడటం, కంపెనీ లెక్కలు చదవటం పిల్లలకు కావలసినవే. కానీ వాటిని మానవీయ శాస్త్రాల పద్దులో రాసి చేతులు దులుపుకోవటం అన్యాయం. విలువల పాఠం ఒకటుంది. చాలాచోట్ల దాన్ని చెప్పేది ఆ సెమిస్టర్లో ఎవరికి పీరియడ్లు తక్కువ పడితే వాళ్ళు. రాజ్యాంగానికైతే క్రెడిట్లే లేవు.

పరీక్షల ముందు మా చుట్టుపక్కల ఏ ఇంజనీరింగ్ కాలేజీ ఎదుటి జిరాక్స్ షాపుకైనా వెళ్ళి చూడండి. అంబేద్కర్, ఆయన తోటివాళ్ళు దాదాపు మూడేళ్ళు కూర్చుని రాసిన రాజ్యాంగం అక్కడ పిన్ను కొట్టిన కొద్ది కాగితాల కట్ట. ముఖ్యమైన ప్రశ్నలకు స్టార్ గుర్తులు. ప్రాథమిక హక్కులకు ఒక పేజీ, ఆదేశిక సూత్రాలకు అర పేజీ. అలాంటి కట్ట పట్టుకుని కడప జిల్లా కమలాపురం బస్టాండులో కూర్చున్న మా వీధి పిల్లవాణ్ణి, క్లాసులో ఏం చెప్పారురా అని అడిగాను. "ఏం క్లాసులు చిన్నాయనా, దానికి క్రెడిట్లు లేవు. పాసైతే చాలు. ఆ పీరియడ్లో ల్యాబ్ రికార్డులు రాసుకోమంటారు" అన్నాడు. వాడి మాటలో సిగ్గూ లేదు, బాధా లేదు. ఈ చదువు దండగ అని పెద్దవాళ్ళే వాడికి నేర్పారు. టైంటేబుల్ వేసినవాళ్ళు, తనిఖీకి వచ్చి హాజరుపట్టీ చూసి సంతకం పెట్టి పోయినవాళ్ళు, ప్లేస్‌మెంట్ ఎంత అని తప్ప ఇంకో ప్రశ్న అడగని తల్లిదండ్రులు, అందరూ కలిసే నేర్పారు.

ఇది బీటెక్‌లో మొదలైన జబ్బు కాదు. పదో తరగతి అయిన మరునాడే మొదలవుతోంది. ఎంపీసీలో చేరిన పిల్లల్లో ఎంతోమంది మార్కులు సులువుగా పడతాయని రెండో భాషగా సంస్కృతం తీసుకుంటారు. అక్కడితో తెలుగు పుస్తకానికీ వాళ్ళకూ తెగతెంపులు. సాంఘికశాస్త్రం పదితోనే ఆగిపోతుంది. ఆపైన రెండేళ్ళు పొద్దున లేచింది మొదలు ఎంట్రెన్స్ బిట్లే. అంటే పదిహేనేళ్ళ వయసు తర్వాత ఆ పిల్లలు ఒక కథ చదవరు, ఒక ఊరి చరిత్ర వినరు, ఎదుటి మనిషి కష్టం గురించి ఆలోచించి ఒక పేజీ రాయరు. ఇరవై రెండేళ్ళకు వాళ్ళ చేతిలో ఇంజనీరు పట్టా పెట్టి, మా వంతెనలు, మా కట్టలు, మా గనులు చూసుకోండి అంటున్నాం.

ఈ నిర్లక్ష్యానికి ఎవరు మూల్యం చెల్లిస్తారో మా జిల్లావాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, గుండ్లూరు వరదలో మునిగాయి. మనుషులు కొట్టుకుపోయారు, పశువులు కొట్టుకుపోయాయి, పొలాల్లో ఇసుక మేట వేసింది. ప్రాజెక్టుకున్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర మంత్రి రాజ్యసభలోనే చెప్పారు. గేటు ఎలా ఎత్తాలో, ఎన్ని క్యూసెక్కులు దిగుతాయో చెప్పగల ఇంజనీర్లకు ఈ రాష్ట్రంలో కొదవ లేదు. చెడిపోయిన గేటు కింద పడుకున్న ఊళ్ళున్నాయన్న సంగతి నిద్ర పట్టనివ్వని మనుషులే కొదవ. ఆ రోజుల్లోనే వెలిగల్లు జలాశయం నుంచి దిగిన వరదకు మా కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. కడప నుంచి అనంతపురం పోయే దారి తెగింది. వంతెన కూలితే ఎంత కాంక్రీటు పోయిందో అంచనాల్లో రాస్తారు. పురిటినొప్పులతో కడప ఆసుపత్రికి పోవలసిన ఆడమనిషి ఎంత చుట్టు తిరిగిందో, కాలేజీ ఫీజు కోసం కూరగాయలు మార్కెట్టుకు తోలుకుపోయే రైతు ఏం చేశాడో ఏ కాలమ్‌లో రాస్తారు?

జమ్మలమడుగు వైపు చూడండి. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలని సివిల్ పిల్లలు ఠక్కున చెబుతారు. ఆ అంకె వెనుక కొండాపురం మండలంలో ఇళ్ళు వాకిళ్ళు వదిలిన జనం ఉన్నారు. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరులో జనం ఊరు ఖాళీ చేయకముందే నీళ్ళు వాకిట్లోకి వచ్చాయి. పరిహారం సంగతి తేల్చండని వాళ్ళు రోడ్డెక్కారు. పులివెందుల వైపు వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి చేశాక మిగిలే వ్యర్థాలను నిలవచేసే చెరువు ఉంది. దానివల్ల బోరునీళ్ళు చెడాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె, కణంపల్లె రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. గని నడిపే సంస్థ కాదంటోంది. ఎవరి మాట నిజమో తేల్చటానికి రసాయనశాస్త్రం కావాలి, నిజమే. కానీ రైతు మాట కూడా ఒక సాక్ష్యమే అని ఒప్పుకోవటానికి, అతని బోరు దగ్గరికి నడిచివెళ్ళి అతని భాషలో అడగటానికి ఇంకో చదువు కావాలి. ఆ చదువునే మనం ల్యాబ్ రికార్డుల కింద పాతిపెట్టాం.

కథలు చదివితే గేటు లేస్తుందా అని నిలదీసేవాళ్ళున్నారు. లేవదు. కానీ తన చేతి సంతకం కింద ఎంతమంది బతుకులున్నాయో ఊహించగల శక్తి లెక్కలతో రాదు. మరొకరి బతుకును లోపలి నుంచి చూపించే పని కథదీ చరిత్రదీ. సాంకేతిక విద్యకు ప్రపంచంలోనే పేరుమోసిన అమెరికాలోని ఎంఐటీలో డిగ్రీ కావాలంటే మానవీయ శాస్త్రాలు, కళలు, సామాజిక శాస్త్రాల్లో ఎనిమిది కోర్సులు పూర్తి చేయాలి. అక్కడి పిల్లలకు ఉద్యోగాలు రావటం లేదా? అంత దూరం ఎందుకు, సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షుడిగా 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, వృత్తివిద్య చదివేవాళ్ళకు కూడా సాధారణ విద్య ఉండాలని అప్పుడే చెప్పింది. తెలుగువాడు చెప్పిన ఆ మాటను ఇన్ని దశాబ్దాలు దుమ్ము కొట్టుకుపోనిచ్చాం.

పాఠాలు ఎక్కడివి, చెప్పటానికి ఏముంది అంటారా? ఈ గడ్డ మీద నిలబడి ఆ మాట అనటానికి నోరెలా వస్తుంది? వేమన పద్యాలను వెదికి పోగుచేసి అచ్చు వేయించిన బ్రౌన్ దొర కాపురమున్నది కడపలో. శివతాండవం రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు తిరిగింది ప్రొద్దుటూరు వీధుల్లో. కరువునూ రైతునూ కథల్లో నిలబెట్టిన కేతు విశ్వనాథరెడ్డిది ఎర్రగుంట్ల దగ్గరి రంగసాయిపురం. పైడిపాలెం అంటే సివిల్ పిల్లలకు ఎత్తిపోతల జలాశయం గుర్తొస్తుంది. తెలుగు విమర్శకు వెన్నెముకలాంటి రాచమల్లు రామచంద్రారెడ్డి, మన రారా, పుట్టింది ఆ ఊళ్ళోనే. ఆయన కూడా మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగ్‌లో చేరినవాడే. ఇంతటి సంపద కాలేజీ గేటుకు బస్సు దూరంలో ఉంటే, విలువల పాఠాన్ని పవర్‌పాయింట్ మీద నాలుగు ముక్కలు చదివి ముగిస్తున్నాం. తన నేలను పిల్లవాడికి పరాయిని చేసిన ఈ నేరానికి శిక్ష ఎవరికి వేయాలి?

మొక్కుబడి సబ్జెక్టు ఇంకొకటి పెట్టమని అడగటం లేదు. ఉన్నదాన్ని నిజం చేయమంటున్నాం. రాజ్యాంగానికీ సమాజశాస్త్రానికీ సాహిత్యానికీ క్రెడిట్లు ఇవ్వండి, ఆ మార్కులు పట్టా మీద కనిపించనివ్వండి. వాటిని చదువుకున్న అధ్యాపకులను నియమించండి, ఖాళీగా ఉన్నవాళ్ళ నెత్తిన రుద్దకండి. ఆ పన్నెండు క్రెడిట్లలో కొన్నైనా తెలుగుకూ ఈ ప్రాంత చరిత్రకూ కేటాయించండి. ప్రతి సివిల్, మైనింగ్, కెమికల్ విద్యార్థీ ఒక ముంపు గ్రామంలోనో గని పక్క పల్లెలోనో కొన్ని రోజులుండి, అక్కడివాళ్ళు చెప్పింది తెలుగులో రాసి, దాన్ని ప్రాజెక్టు రిపోర్టుతో పాటు సమర్పించాలని నిబంధన పెట్టండి. తనిఖీకి వచ్చే బృందాలు రిజిస్టర్లు చూడటం ఆపి, క్లాసులో ఏం చదివారని పిల్లలనే అడగాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఈసారి కాలేజీలో కౌన్సెలింగ్ డెస్క్ దగ్గర ప్యాకేజీ ఎంత అని అడిగాక, రాజ్యాంగం ఎవరు చెబుతారు, లైబ్రరీలో తెలుగు పుస్తకాలు ఎన్ని ఉన్నాయి అని కూడా అడగండి. జవాబు రాకపోతే పక్కవాళ్ళను కలుపుకుని మళ్ళీ అడగండి. రేపు మీ బిడ్డ ఏదో ఒక కట్ట మీద, ఏదో ఒక వంతెన డ్రాయింగ్ మీద సంతకం పెడతాడు. దాని కింద నివసించేది మనమే, మనలాంటి వాళ్ళే. ఈ విద్యాసంవత్సరం నుంచే మార్చండి. ఇంకో చెయ్యేరు తెగేదాకా ఆగే ఓపిక మాకు లేదు.