రోజుకో గంట అడుగుదాం! బడి కమిటీకి కదలిరండి!

తల్లిదండ్రులారా, గ్రామ పెద్దలారా!

ఈ రాత్రి ఒక పని చేయండి. ఐదో తరగతి చదువుతున్న మీ బిడ్డ చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి ఒక పేజీ చదివించండి. గడగడా చదివితే సంతోషం. కూడబలుక్కుంటూ మధ్యలో ఆగిపోతే బిడ్డను తిట్టకండి, టీచరును తిట్టకండి. ఈ కరపత్రం చివరిదాకా చదవండి.

ఇది మన ఒక్క ఊరి గొడవ కాదు. 2024లో పిల్లల చదువును పరీక్షించిన అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో, సర్కారు బడుల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 44.8 శాతమే. అక్షరాలు తడుముకునే పిల్లా, కథలు చదివేసే పిల్లా ఒకే గదిలో కూర్చుంటారు. ఇద్దరికీ ఒకే పాఠం, ఒకే సిలబస్! ఏ పంతులు మాత్రం ఏం చేయగలడు?

కాగితాలతో అయ్యేదైతే ఈపాటికే అయ్యేది!

2005-06లో మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే పరిశోధకులు 100 బడుల్లో పరీక్షలు పెట్టి, పిల్లలకు ఏది వచ్చో ఏది రాదో రిపోర్టులు రాసి టీచర్లకు అందించారు. ఏడాది తిరిగాక, రిపోర్టులు అందని బడులకూ వీటికీ మార్కుల్లో తేడా కనబడలేదు. మధ్యప్రదేశ్‌లో వెయ్యికి పైగా బడులను తనిఖీ చేసి, గ్రేడ్లిచ్చి, అభివృద్ధి ప్రణాళికలు రాయించారు. ప్రణాళికలు తయారయ్యాయి, చదువు మాత్రం ఉన్నచోటే ఉంది.

మరి ఏది పనిచేసింది?

2012-13లో హర్యానా సర్కారు బడుల్లో రోజూ ఒక గంట తరగతుల లెక్క పక్కనపెట్టారు. ఎవరికి ఎంతవరకు చదవడం వచ్చో చూసి, దాన్నిబట్టి గుంపులు చేసి కూర్చోబెట్టారు. చెప్పింది ఆ బడి టీచర్లే. పర్యవేక్షించే అధికారులు ముందు తామే కొన్నాళ్లు పిల్లలకు పాఠం చెప్పి, ఆ తర్వాత టీచర్లకు తోడు నిలిచారు. పిల్లలకు హిందీ చదవడం మెరుగుపడింది.

అడిగే హక్కు మనకుంది!

విద్యా హక్కు చట్టం, 2009 ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సగం మంది స్త్రీలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది ఆ కమిటీయే. అందుకే వచ్చే సమావేశంలో ఇవి తీర్మానం చేయిద్దాం:

1. మూడు, నాలుగు, ఐదు తరగతులకు రోజూ ఒక గంట, వచ్చిన చదువును బట్టి గుంపులు చేసి చెప్పాలి. ఆ గంటను టైంటేబుల్‌లో రాయాలి. ఆ గంటలో వేరే పని పెట్టకూడదు.

2. హెడ్మాస్టరు గారు వారం వారం ఆ గంటలో కూర్చోవాలి. తప్పులు రాసుకోవడానికి కాదు, టీచరుతో కలిసి దారి వెతకడానికి.

3. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనులు టీచర్లకు అప్పగించరాదని చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఎవరైనా అప్పగిస్తే కమిటీ టీచర్ల పక్షాన ఎంఈఓకు అర్జీ పెట్టాలి.

4. నెలకోసారి ప్రతి బిడ్డా తల్లిదండ్రుల ముందు ఒక పేజీ చదివి చూపించాలి.

అమ్మలారా! రిజిస్టరులో సంతకం పెట్టి వచ్చేయకండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు, బిడ్డ చదువుతున్నదీ లేనిదీ మీ చెవికి తెలుస్తుంది. కూలికి పోయే ఇంటి నుంచి కూడా ఒక్కరైనా రండి. పదిమంది అడిగితే తీర్మానం అవుతుంది, ఒక్కరు అడిగితే ఫిర్యాదుగా మిగులుతుంది.

ఇట్లు,
మన బడి పిల్లల తల్లిదండ్రులు

(చదివాక పక్కింటికి ఇవ్వండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.)