బల్దియా మిగులులో అమానత్ ఎంత?

మార్చి వచ్చిందంటే జిల్లా పేపర్లలో ఒక హెడ్డింగ్ తప్పకుండా కనిపిస్తుంది. ఊరు మారుతుంది, అంకె మారుతుంది, మిగతాదంతా అదే: "మిగులు బడ్జెట్‌కు కౌన్సిల్ ఆమోదం". పక్కనే ఫోటో. చైర్‌పర్సన్, కమిషనర్, మధ్యలో ఒక ఫైలు. కోట్ల రూపాయల హిసాబ్‌ను గంటలో మమ అనిపించి, చాయ్ తాగి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. మర్నాడు బస్తీ హోటల్లో ఆ వార్త చదివినవాళ్లు అడిగే సవాల్ ఒకటే: "ఇన్ని కోట్లు మిగిలితే మా గల్లీ మోరీ ఎందుకు బాగు చెయ్యరు భాయ్?"

సవాల్ వాజిబే. జవాబు మాత్రం ఎవరూ చెప్పరు. అసలియత్ ఏమిటంటే ఆ మిగులులో చాలా భాగం మిగులు కాదు. కొంత పరాయి సొమ్ము, కొంత కట్టని బాకీ, కొంత ఉన్నా ముట్టుకోలేని డబ్బు. ఇది అర్థం చేసుకోనంతకాలం మోరీ గురించి మన లడాయి తప్పుడు గుమ్మం దగ్గరే జరుగుతుంటుంది.

నేను చదివింది ఉర్దూ మీడియంలో. లెక్కల పీరియడ్‌లో జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్ అంటూ నేర్చుకున్నవాణ్ణి. తర్వాత తెలుగులో డిగ్రీ చేసి, పేపర్లో చేరి, మొదటిసారి మునిసిపల్ బడ్జెట్ పుస్తకం తెరిస్తే చుట్టాలింటికి వచ్చినట్టనిపించింది. జమా, ఖర్చు, బకాయి, వసూలు, రసీదు, మంజూరు, జప్తు, జరిమానా, ఖజానా... అన్నీ తెలిసిన మొహాలే. తెలంగాణ పేపర్లయితే మునిసిపాలిటీని బల్దియా అనే రాస్తాయి. ఇన్ని లఫ్జులు మన ఇళ్లలోంచి ఆ పుస్తకంలోకి వెళ్లాయి గానీ, ఆ పుస్తకం మన ఇళ్లలోకి రాలేదు. మనం లీడర్ల దగ్గరికి వెళ్లేది షాదీఖానా కోసం, ఖబ్రస్తాన్ గోడ కోసం, ఈద్‌గాహ్ దగ్గర లైట్ల కోసం. ఇస్తే వాళ్ల మెహర్బానీ అనుకుని శాలువా కప్పి వస్తాం. నీళ్లు, మోరీ, చెత్తబండి, వీధి దీపం సంగతి వేరు. వాటికి మనం పన్ను కడుతున్నాం. అవి మన హక్.

ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు లాంటి లక్షన్నర, రెండు లక్షల జనాభా ఉన్న ఊళ్లను మనసులో పెట్టుకుని చదవండి. బల్దియాకు సొంత రాబడి అంటే ముఖ్యంగా ఇంటి పన్ను. ఆ తర్వాత కుళాయి చార్జీలు, ఖాళీ స్థలాల పన్ను, ఇళ్ల ప్లాన్ల ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు, మార్కెట్ ఆశీలు, బల్దియా ముల్గీల కిరాయిలు. ఆంధ్రలో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాక ఆస్తి విలువ మీద వేస్తున్నారు. ఒకేసారి 15 శాతానికి మించి పెరగకుండా పరిమితి పెట్టారు. తెలంగాణలో 2019 మునిసిపల్ చట్టం 75 గజాల లోపు జాగాలో ఉన్న చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయలే అంది. పేదవాళ్లకు మంచిదే. కానీ ఆ తగ్గిన రాబడిని ఎక్కడి నుంచి పూడ్చుకోవాలో ఊరికి ఎవరూ చెప్పలేదు. హోర్డింగుల మీద వచ్చే ప్రకటనల పన్ను కూడా జీఎస్టీ కోసం చేసిన 101వ రాజ్యాంగ సవరణతో పోయింది.

రిజర్వ్ బ్యాంకు 2022లో మునిసిపల్ ఆర్థిక పరిస్థితి మీద ఒక రిపోర్టు తెచ్చింది. మన దేశంలో పట్టణ సంస్థల రాబడి, ఖర్చు ఏళ్ల తరబడి జీడీపీలో 1 శాతం దగ్గరే ఆగిపోయాయని అందులో ఉంది. బ్రెజిల్‌లో అది 7.4 శాతం, దక్షిణాఫ్రికాలో 6 శాతం. 1992లో చేసిన 74వ సవరణ పట్టణాలకు 18 బాధ్యతల జాబితా ఇచ్చింది. బాధ్యతల జాబితా ఇచ్చినవాళ్లు వాటికి సరిపడే ఖజానా ఇవ్వలేదు.

అందుకే గ్రాంట్లు. 2021 నుంచి 2026 వరకు నడిచిన 15వ ఆర్థిక సంఘం చిన్న నగరాలకు ఇచ్చిన డబ్బులో 60 శాతానికి ముందే ముడి వేసింది: సగం తాగునీటి పనులకు, సగం పారిశుధ్యానికి. మిగతా 40 శాతం కౌన్సిల్ తన అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకు వాడకూడదు. మార్చి ఆఖరి వారంలో గ్రాంటు వచ్చి పడిందనుకోండి, ఏప్రిల్ ఒకటికి అది ఖాతాలో అలాగే ఉంటుంది. బడ్జెట్‌లో నిల్వగా కనిపిస్తుంది. కానీ దానితో మీ గల్లీకి రోడ్డు వెయ్యలేరు, జీతం రాని సఫాయీ కార్మికుడికి జీతమూ ఇవ్వలేరు.

ఇక నిల్వలో రెండో రకం డబ్బు. దీన్ని నేను అమానత్ అంటాను. బడ్జెట్ పుస్తకం దీన్ని డిపాజిట్లు అంటుంది. కాంట్రాక్టర్ కట్టిన సెక్యూరిటీ డిపాజిట్, టెండర్ ధరావతు, బిల్లుల్లోంచి పట్టుకున్న పన్ను, కార్మికుడి జీతంలోంచి కోసిన పీఎఫ్, ఇవన్నీ బల్దియా చేతిలో ఉన్నా బల్దియావి కావు. గ్రంథాలయ సెస్సు కూడా అంతే. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, ఆ పేరుతో ఒక గీత ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద పన్నులో రూపాయికి 8 పైసలు వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. వసూలు చెయ్యడం వరకు అన్ని ఊళ్లలోనూ బాగానే జరుగుతుంది. జమ చెయ్యడం దగ్గరే చెయ్యి రాదు. మీ ఊరి లైబ్రరీలో ఉర్దూ పేపర్ ఎందుకు ఆగిపోయిందని అడిగితే లైబ్రేరియన్ పాపం మొహం దించుకుంటాడు. నిజానికి అడగాల్సింది మునిసిపల్ అకౌంట్స్ సెక్షన్లో. ఇంట్లో ఎవరైనా దాచమని ఇచ్చిన సొమ్మును మన పొదుపులో కలిపి చెప్పుకుంటే పెద్దవాళ్లు ఊరుకుంటారా? బల్దియా ప్రతి ఏటా ఆ పనే చేసి, దాన్ని మిగులు అంటోంది.

మూడోది కట్టని బాకీ. మార్చి 31 నాటికి పూర్తయిన పనుల బిల్లులు, పంపుసెట్లకీ వీధి దీపాలకీ విద్యుత్ సంస్థకు కట్టాల్సిన కరెంటు బిల్లు, అవుట్‌సోర్సింగ్ కార్మికుల రెండు మూడు నెలల జీతం ఆపేస్తే నిల్వ దానంతటదే పెరుగుతుంది. కిరాణా దుకాణంలో ఖాతా పెంచుకుంటూ, పర్సులో నోట్లు లెక్కపెట్టి ఖుష్ కావడమన్నమాట.

ఈ మూడూ తీసేశాక మిగిలిన కాస్త అసలు మిగులైనా చేతికి అందుతుందా అంటే అదీ నమ్మకం లేదు. రెండు రాష్ట్రాల్లోనూ మునిసిపల్ సొమ్ములో పెద్ద భాగం సర్కారీ ఖజానాలోని పీడీ ఖాతాల్లో ఉంటుంది. పుస్తకంలో నిల్వ ఉంటుంది, కమిషనర్ బిల్లు పాస్ చేస్తాడు, పైన ఆర్థిక శాఖ నుంచి ఇజాజత్ వచ్చేదాకా పైసా కదలదు. ఊరి జనం కట్టిన పన్ను రాష్ట్రం నగదు అవసరాలకు దిండు అవుతోంది. దీని మీద కౌన్సిళ్లు పార్టీల తేడా లేకుండా గొంతెత్తాలి. అధికార పార్టీ కౌన్సిలర్లు ఎత్తరు. ప్రతిపక్షం వాళ్లు తాము అధికారంలోకి వచ్చేదాకా మాత్రమే ఎత్తుతారు.

అసలు మిగులు ఎందుకు, వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెడితే పోదా అనేవాళ్లున్నారు. పోదు. అయితే దానికి మన దగ్గర మిసాల్ చూపించడం కష్టం. మునిసిపాలిటీ దివాలా ప్రకటించుకునే చట్టం మన దేశంలో లేదు. ఇక్కడ ఊరు దివాలా తీస్తే నీళ్లు రెండు రోజులకోసారి వచ్చేవి నాలుగు రోజులకోసారి వస్తాయి, అంతే. అలాంటి చట్టం ఉన్న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో వలేహో అనే చిన్న నగరం ఉంది. జనాభా లక్షా ఇరవై వేల దరిదాపు. ఇళ్ల ధరలు పెరిగే రోజుల్లో పన్నులు బాగా వస్తుంటే పోలీసులకీ అగ్నిమాపక సిబ్బందికీ పెద్ద జీతాలు, పెన్షన్లు ఒప్పుకుంది. నగరం సాధారణ నిధిలో దాదాపు మూడొంతులు వాళ్లకే పోయేది. ఇళ్ల ధరలు కూలాయి, రాబడి పడింది, ఆదుకోవడానికి చెప్పుకోదగ్గ నిల్వ లేదు. 2008 మేలో కోర్టుకెళ్లి దివాలా దాఖలు చేసింది. ఫైర్ స్టేషన్లు మూతపడ్డాయి, పోలీసుల సంఖ్య తగ్గింది. బయటపడింది 2011 నవంబర్‌లో. ఆ తర్వాత జరిగింది నాకు ఎక్కువ నచ్చింది. అమ్మకాల మీద ఒక శాతం అదనపు పన్నుకు జనం ఓటేశారు. 2012లో కౌన్సిల్ ఆ పన్నులో ఒక భాగాన్ని ఏ పనులకు ఖర్చు పెట్టాలో జనమే తేల్చే పద్ధతి మొదలుపెట్టింది. పన్ను పెంచమని ఓటేసిన జనానికి ఆ పైసలు ఎటు పోతాయో చెప్పే హక్ కూడా ఇచ్చారు. మన దగ్గర వార్డు కమిటీలు కాగితం మీద ఉన్నాయి. మీ వార్డు కమిటీ సభ్యులెవరో మీకు తెలుసా?

ఇప్పుడు కాస్త చేదు మాట. మన వాళ్లకి ఇష్టమైన వార్త ఇంకొకటుంది: వడ్డీ మాఫీ. ఇంటి పన్ను ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉంది. ఇంతవరకు ఇన్సాఫ్‌గానే ఉంది. ఆ తర్వాత సర్కారు మాఫీ ప్రకటిస్తుంది. తెలంగాణలో 90 శాతం వడ్డీ మాఫీ ఒకటికి రెండుసార్లు వచ్చింది, ఆంధ్రలోనూ మాఫీలు వచ్చాయి. మోటు లెక్క వేద్దాం. పక్కపక్కనే ఇద్దరు, ఇద్దరికీ ఏడాదికి 2,000 పన్ను. టైలరింగ్ చేసుకునే ఆపా ప్రతి ఏప్రిల్లోనూ కట్టింది: ఐదేళ్లకు 9,500. పక్కింటాయన ఐదేళ్లు కట్టలేదు. అసలు 10,000, వడ్డీ సుమారు 7,200. మాఫీలో 720 కట్టి బయటపడ్డాడు. ఆపా కన్నా 1,220 మాత్రమే ఎక్కువ, అదీ ఐదేళ్లు ఆ పైసలు తన దగ్గరే తిప్పుకున్నాక. ఇదే లెక్కను 2,000 దగ్గర కాకుండా ఫంక్షన్ హాల్ కట్టాల్సిన లక్షల దగ్గర వేసి చూడండి. మాఫీ ఎవరి కోసమో తెలుస్తుంది. పేదవాడి పేరు చెప్పి తెచ్చే మాఫీలో పేదవాడికి వచ్చేది వందలే.

పెద్ద బకాయిదారుల్లో సర్కారీ దఫ్తర్లు కూడా ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగంలోని 285వ అధికరణం మినహాయింపు ఇచ్చింది, సరే. రాష్ట్ర ఆఫీసులకేమైంది? ఆపా రెండేళ్లు కట్టకపోతే కుళాయి కనెక్షన్ పీకేస్తామని మనిషి వస్తాడు. ఆఫీసు గేటుకి తాళం వేసే ధైర్యం ఏ కమిషనర్‌కీ ఉండదు.

మనలో మనం కూడా ఒకటి మాట్లాడుకోవాలి. మస్జిద్‌కి ఇంటి పన్ను లేదు; గుడికీ, చర్చికీ లేదు. మస్జిద్ ముందున్న ముల్గీలకు ఆ మినహాయింపు వర్తించదు. నెలనెలా కిరాయి తీసుకునే కమిటీ పన్ను దగ్గర "అల్లా ఇల్లు కదా" అంటే కుదరదు. బల్దియా ముల్గీల సంగతి ఇంకా దారుణం. ఎప్పుడో ముప్పై ఏళ్ల కింద వేలంలో పాడుకున్నవాళ్లు పాత కిరాయి కడుతూ, లోపల ఇంకొకరికి పగిడీ తీసుకుని పది రెట్లకు ఇస్తున్న దుకాణాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. వాళ్లలో అన్ని మజహబ్‌ల వాళ్లూ, అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. ఈ ఒక్క విషయంలో పట్టణాల్లో ముకమ్మల్ ఇత్తెహాద్ కనిపిస్తుంది.

బడ్జెట్ పుస్తకం మీ చేతికి వస్తే అందరూ చూసే కాలమ్ చూడకండి. అది వచ్చే ఏడాది అంచనా. అందులో రాని గ్రాంటు వస్తుందని రాస్తారు, కదలని ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు కదులుతుందని రాస్తారు (తెలంగాణలో 2020లో తీసుకున్న దరఖాస్తులు ఏళ్ల తరబడి మూలుగుతూనే ఉన్నాయి), ఆ రాబోయే డబ్బు మీద ప్రతి వార్డుకూ పనులు రాస్తారు. మీ కౌన్సిలర్ ఆ పేజీకే ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. మీరు చూడాల్సింది గత ఏడాది వాస్తవ లెక్కల కాలమ్. మీ వార్డు మోరీకి నిరుడు ఎంత రాశారో, నిజంగా ఎంత ఖర్చయిందో రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆఫీసులో ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తులో ఉత్త "బడ్జెట్ కాపీ" అని రాస్తే అంచనాల పుస్తకం ఇచ్చి పంపేస్తారు. గత మూడేళ్ల వాస్తవ రాబడి, వాస్తవ ఖర్చు, మార్చి 31 నాటి డిపాజిట్ల నిల్వ, ఖర్చు కాని గ్రాంట్లు, చెల్లించాల్సిన బిల్లులు, గ్రంథాలయ సంస్థకు బాకీ అని విడివిడిగా అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు స్థానిక అధికార భాషలో ఇవ్వొచ్చని చట్టంలో ఉంది. ఉర్దూ తెలంగాణ అంతటా 2017 నుంచి, ఆంధ్రలో 2022 నుంచి రెండో అధికార భాష, కాబట్టి ఉర్దూలో రాసినా తీసుకోవాల్సిందే. జవాబు తొందరగా కావాలనుకుంటే మాత్రం తెలుగులో రాయండి.