ఒక్కణ్ణి ఆపడానికి ఐదుగురు

వచ్చే వారం మన బాస్కెట్‌బాల్ జట్టుకి మ్యాచ్ ఉంది. అవతలి జట్టులో ఒకడున్నాడు. పోయినసారి వాళ్ల పాయింట్లలో సగానికి పైగా వాడే వేశాడు. అందుకని స్టడీ అవర్ అయ్యాక డార్మెటరీలో ఒకటే మాట: "మొదట్లోనే వాణ్ణి రెండుసార్లు కింద పడేస్తే సరి." డెట్రాయిట్ వాళ్లు మైకేల్ జోర్డాన్‌ని అలాగే ఆపారని ఒక అన్న ఉదాహరణ కూడా చెప్పాడు. నేను ఒప్పుకోను.

1988 ఏప్రిల్‌లో చికాగో బుల్స్ ఆటగాడు జోర్డాన్ డెట్రాయిట్ పిస్టన్స్ మీద ఒక్క ఆటలోనే 59 పాయింట్లు కొట్టాడు. ఆ తర్వాత పిస్టన్స్ కోచ్ చక్ డేలీ కొన్ని పద్ధతులు పెట్టాడు. 'జోర్డాన్ రూల్స్' అంటే అవే. జోర్డాన్ బంతితో ఎదురుగా నిలబడితే అతన్ని ఎడమ చేతివైపే పోనివ్వాలి, అక్కడికి రెండోవాడు రావాలి. బాస్కెట్ దగ్గర బంతి అందుకుంటే ఒక పొడుగువాడు వెంటనే మీదికి రావాలి. వీటన్నిటికీ ముందు జో డుమార్స్ ఉన్నాడు. కాళ్లు కదుపుతూ, దారికి అడ్డంగా, ఆట మొత్తం ఎదురుగానే ఉండేవాడు. దాటిపోతే కింద పడేయడం కూడా ఆ రూల్స్‌లో ఉంది, కాదనను. మనవాళ్లకి మాత్రం అదొక్కటే గుర్తుంది!

ప్లే ఆఫ్ సిరీస్‌లలో పిస్టన్స్ 1988లో 4-1, 1989లో 4-2, 1990లో 4-3 తేడాతో గెలిచారు. ఈ లెక్క జాగ్రత్తగా చూడండి. బుల్స్ ఏటా ఒక ఆట ఎక్కువ గెలుస్తూ వచ్చారు. 1990 చివరి ఆటలో జోర్డాన్ 31 పాయింట్లు కొట్టాడు. స్కాటీ పిప్పెన్ మాత్రం తలనొప్పితో ఆడి రెండే వేశాడు. బుల్స్ 93-74తో ఓడిపోయారు. అంటే 31 కొట్టినవాణ్ణి ఆపినట్టా? కాదు, మిగతా నలుగురిని ఆపారు. ఇద్దరు ముగ్గురు జోర్డాన్ మీదికి పోతే ఒకడు ఖాళీగా మిగులుతాడు కదా. వాడికి బంతి అందదు, అందినా వెయ్యలేడు అన్నదే పిస్టన్స్ ధైర్యం.

1991లో ఆ ధైర్యం చెడింది. ఫిల్ జాక్సన్ కోచింగ్‌లో బుల్స్ బంతిని చేతులు మార్చుకుంటూ త్రికోణం ఆట ఆడారు, పిప్పెన్ కూడా బాగా ఎదిగాడు. 4-0. పిస్టన్స్ ఆటగాళ్లు కొందరు గంట కొట్టకముందే, చేతులు కూడా కలపకుండా లోపలికి వెళ్లిపోయారు.

ఇక మన సంగతి. మనకి ఐదు ఫౌళ్లకే బయటికి పంపిస్తారు. పొడుగువాళ్లు మనకి ఉన్నది ఇద్దరే. వాళ్లు బెంచీ మీద కూర్చుంటే రీబౌండు ఎవరు పడతారు? ఇంకో సంగతి, ఆ అబ్బాయి కూడా మనలాగే అమ్మానాన్నలకి దూరంగా హాస్టల్లో ఉండి చదువుకునేవాడే. కాలు విరిగితే వాడి ఊరికి ఎవరు మోసుకెళ్తారు?

వాడి జట్టులో మిగతా నలుగురు ఎక్కడినుంచి వెయ్యగలరో ఎవరైనా చూశారా? పోయిన మ్యాచ్‌లో నేను కూడా చూడలేదు, వాడినే చూస్తూ ఉండిపోయాను. చూసినవాళ్లు శనివారం సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చి చెప్పండి. నా మాట తప్పంటే ఈ బోర్డు మీదే రాసి అంటించండి, చదువుతాను.