ఎండను కిటికీ బయటే ఆపాలి

జంషెడ్‌పూర్‌లో కిటికీలకు బ్లైండ్లు వేయించేవారు ముందుగా రంగు చూస్తారు. నిజానికి చూడవలసింది అవి అద్దానికి లోపల ఉంటాయా, బయట ఉంటాయా అన్నది.

సూర్యకాంతి అద్దం గుండా సులువుగా లోపలికి వస్తుంది. లోపలి తెర దాన్ని పీల్చుకుని వేడెక్కి, ఆ వేడిని పరారుణ కిరణాలుగా వదులుతుంది. వీటిని అద్దం చాలావరకు బయటికి పోనివ్వదు. గది చీకటిగా ఉంటుంది, కానీ ఉడుకుతూనే ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోవలసిన కార్మికుడికి ఇది చిన్న విషయం కాదు. అదే వెదురు తెరను బయట కడితే ఆ వేడి బయటి గాలిలోనే కలిసిపోతుంది. 1940ల మధ్యలో ఈ నగరానికి అభివృద్ధి ప్రణాళిక వేసిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ తర్వాత ఉష్ణమండల గృహ నిర్మాణంపై పాఠ్యగ్రంథమే రాశారు. ఎండను బయటే ఆపడం ఆ శాస్త్రంలో ప్రాథమిక సూత్రం.

అన్ని కిటికీలకూ ఖర్చు అక్కర్లేదు. కర్కటరేఖ మనకు కొంచెం ఉత్తరాన, రాంచీ మీదుగా పోతుంది. అందుకే జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. దక్షిణపు కిటికీకి సన్‌షేడే చాలు. అసలు చిక్కు పడమటి కిటికీతోనే. సాయంత్రపు ఏటవాలు ఎండ సన్‌షేడ్ కిందుగా దూరి వస్తుంది. తెరను సన్‌షేడ్ అంచు నుంచి, గోడకు జానెడు ఎడంగా, గాలి ఆడేలా వేలాడదీయండి. కింది అంచును తాడుతో కట్టకపోతే కాలబైశాఖి గాలివాన ఎత్తుకుపోతుంది.

బయట కట్టే వీలులేని ఫ్లాట్లలో తెల్లని బ్లైండును అద్దానికి దగ్గరగా బిగించండి. కొంత కాంతైనా వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ముదురు గోధుమరంగు అందంగానే ఉంటుంది, దుకాణంలో.